రేగడి నేల, బండి కుదుపు

గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇప్పుడు ఏ ఊరెళ్ళినా ఎస్‌యూవీలు కనిపిస్తాయి. మిర్చికి మంచి ధర పలికిన ఏడాదైతే చెప్పక్కర్లేదు. దాంతోపాటు ఇంకోటి కూడా వినిపిస్తుంది. కొని రెండు మూడేళ్ళు కాకముందే ముందు చక్రాల దగ్గర టక్ టక్ మని చప్పుడు, స్టీరింగ్ ఎడమకి లాగడం, గుంటలో పడితే నడుము కలుక్కుమనడం. పెళ్ళిళ్ళలో కలిసినప్పుడు మగవాళ్ళు మైలేజీ గురించి మాట్లాడుకుంటారు, మనం నడుము గురించి మాట్లాడుకుంటాం. వెనక సీట్లో కూర్చునేది మనమే కదండీ.

కంపెనీని తిట్టుకోవడం సులువే. కానీ ఈ కుదుపు కారుతో మొదలవ్వలేదు. మన నేలతో మొదలైంది.

పత్తికీ మిర్చికీ అన్నం పెట్టే నల్లరేగడి, రోడ్డుకి మాత్రం శత్రువు. అందులోని బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో చేలల్లో చెయ్యి దూరేంత నెరియలు చూడని వాళ్ళు మనలో ఎవరున్నారు? ఇళ్ళ గోడలే బీటలిస్తాయి, ఇక రోడ్డెంత! తారు కింద నేల నడి మధ్యలో కాస్త నిలకడగా ఉంటుంది. అంచుల్లో మాత్రం ఏటా తడుస్తూ, ఆరుతూ ఉంటుంది. అందుకే మన రోడ్లు ముందు అంచుల దగ్గర కుంగుతాయి. మనం నడిపేది ఎడమ పక్క. ఎడమ చక్రాలకే దెబ్బలు ఎక్కువ తగలడానికి అదో కారణం. రేగడికి సున్నం కలిపితే ఈ ఉబ్బు తగ్గుతుందని ఇంజనీర్లకి ఎప్పటినుంచో తెలుసు. సున్నానికి పేరుపడ్డ పిడుగురాళ్ళ మన మధ్యే ఉంది మరి!

పాతకాలం బండికి స్ప్రింగులు లేవు. ఇరుసు, దాని మీద పెట్టె, ఇనుప పట్టా వేసిన రెండు పెద్ద చక్రాలు, అంతే. చక్రం ఎందుకంత పెద్దదంటే, పెద్ద చక్రం చిన్న గుంటలో పడకుండా దాటిపోతుంది. ఆడవాళ్ళు ప్రయాణం చేసే గూడు బండిలో మందంగా వరిగడ్డి పరిచి, పైన బొంత వేసేవారు. నన్నడిగితే మన మొదటి సస్పెన్షన్ ఆ గడ్డే. స్టీరింగ్ సంగతంటారా, అది ఎద్దుల తలల్లో ఉండేది. తెలిసిన దారిలో గుంటని అవే తప్పించేవి. ఊరు దాటే ముందు ఇంటి పెద్దాయన చూసేవి రెండు: ఇరుసుకి సీల ఉందా, కందెన పెట్టారా. ఆ రెండూ గుర్తుంచుకోండి, మళ్ళీ వాటి దగ్గరికే వస్తాం.

వానలు పడితే డొంకల్లో ఆ బండి కూడా కదిలేది కాదు. రేగడి చక్రానికి ముద్దలు ముద్దలుగా అంటుకుని ఎద్దుల్ని నిలబెట్టేసేది. నీటి దారులకి అంత విలువ రావడానికి ఇదీ ఒక కారణం అనుకుంటాను. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువతో కలిసి మద్రాసు దాకా పడవ దారి ఇచ్చింది. కుదుపు లేని ప్రయాణం మన వాళ్ళకి ముందు నీళ్ళ మీదే దొరికిందన్నమాట. 1899లో బెజవాడ, మద్రాసుల మధ్య రైలు కలిశాక పడవల అవసరం క్రమంగా తగ్గిపోయింది.

తర్వాత జీపు వచ్చింది. మహీంద్రా వాళ్ళు 1947లో విల్లీస్ జీపుల్ని ఇక్కడ బిగించడం మొదలుపెట్టారు. నాలుగు చక్రాలకీ కమాన్‌కట్టలే. ఎక్కినవాళ్ళకి పేగులు కదిలిపోయేవిగానీ బండికి ఏమీ అయ్యేది కాదు. స్టీరింగ్ బరువు. గుంటలో పడితే చక్రం కొట్టిన దెబ్బ డ్రైవరు చేతికి తగిలేది. అంబాసిడర్ కాస్త మెత్తన, దానికీ వెనక కమాన్‌కట్టలే. ఈ బండ్లలో కీళ్ళ దగ్గర గ్రీజు కొట్టడానికి చిన్న చిన్న నిపుల్స్ ఉండేవి. మెకానిక్ కుర్రాడు గ్రీజు గన్ పట్టుకుని కింద దూరేవాడు. ఆముదం మసి కందెన పోయి గ్రీజు వచ్చిందేగానీ అలవాటు మాత్రం అదే.

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకి నీళ్ళు వదిలారు. కుడి కాలువ గుంటూరు జిల్లా దాటి ప్రకాశం దాకా పారింది. మెట్ట పొలాలు మాగాణులయ్యాయి, డబ్బులొచ్చాయి, వాటితో బండ్లొచ్చాయి. పొడిగా పడున్న రేగడి రోడ్ల పక్కకి నీళ్ళు కూడా అప్పుడే వచ్చాయి.

అసలు మార్పు 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో మొదలైంది. దాని ముందు చక్రాల దగ్గర ఉన్నది మాక్‌ఫర్సన్ స్ట్రట్. అంటే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ రెండూ కలిపి నిలువుగా పెట్టిన ఒకే గొట్టం. ఎర్ల్ మాక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీరు ఆలోచన అది. 1950లో ఇంగ్లండులో ఫోర్డ్ కాన్సుల్ కారుకి పెట్టారు. చోటు తక్కువ, ఖర్చు తక్కువ, ప్రయాణం మెత్తన. ప్రపంచంలో చిన్న కార్లన్నీ దాన్నే పట్టుకున్నాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. టాటా సుమో (1994), క్వాలిస్ (2000), స్కార్పియో (2002) వచ్చినప్పుడు పెద్ద బండి అంటే జీపు తోబుట్టువే, కింద విడిగా ఛాసిస్ ఉండేది. 2006 బడ్జెట్లో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకి ఎక్సైజు సుంకం 24 శాతం నుంచి 16కి తగ్గించారు. ఆ తర్వాత కంపెనీలు ఆ కొలతలోనే ఎత్తుగా, జీపులా కనిపించే బండ్లు చేయడం మొదలుపెట్టాయి. 2013లో ఎకోస్పోర్ట్, 2016లో బ్రెజా. కొంచెం పెద్దవాటిలో 2019లో మన పెనుకొండ దగ్గరి కియా ఫ్యాక్టరీ నుంచి సెల్టోస్. (మాది వీటిలో ఏదీ కాదు లెండి.) పైన జీపు ముఖం, కింద చిన్న కారు కాళ్ళు. విడి ఛాసిస్ లేదు, ముందు అదే స్ట్రట్. అది తప్పని కాదు, మంచి రోడ్డు మీద హాయిగా ఉంటుంది. కానీ ఎత్తు చూసి మనవాళ్ళు జీపులాగే గుంటల్లో దింపుతారు. అసలు ఎస్‌యూవీ అంటే ఏమిటో తేల్చడానికి 2022లో జీఎస్టీ కౌన్సిల్ వాళ్ళే ఒక నిర్వచనం రాసుకోవాల్సి వచ్చింది. ఇక మనమెంత!

స్టీరింగ్ కూడా మారింది. కరెంటు మోటారుతో తిరిగే పవర్ స్టీరింగ్‌ని సుజుకి 1988లో సెర్వో అనే చిన్న కారులో మొదట తెచ్చింది. ఇప్పుడు దాదాపు అన్నిటికీ అదే. ఆడవాళ్ళం ఇంతమందిమి ధైర్యంగా బండి నడుపుతున్నామంటే అందులో దాని పాలు చాలా ఉంది, కాదనను. కాకపోతే జీపులో కీలు అరిగితే ఆ సంగతి చేతులకి తెలిసేది. ఇప్పుడు బరువంతా మోటారు మోస్తోంది కాబట్టి చేతికి ఆలస్యంగా తెలుస్తుంది. గ్రీజు నిపుల్స్ కూడా పోయాయి. బాల్ జాయింట్‌లో గ్రీజు పెట్టి రబ్బరు తొడుగుతో మూసేస్తారు. ఆ తొడుగు చిరిగిందా, రేగడి బురద లోపలికి పోతుంది, ఎండాక ఇసుక కాగితంలా కీలుని తినేస్తుంది. బండికి సీల ఎంతో దీనికి అదంత. పూర్తిగా అరిగి ఊడితే చక్రం మన మాట వినదు.

మా బండి ఎడమకి లాగుతోందని షోరూముకి మూడుసార్లు తీసుకెళ్ళారు మావారు. మూడుసార్లూ అలైన్‌మెంట్ చేసి, "మన రోడ్లే అలాంటివి మేడమ్" అన్నారు. సగం నిజమే. నీళ్ళు పోవడానికి రోడ్డుని ఎడమకి వాలుగా వేస్తారు, దానివల్ల ఏ కారైనా కొద్దిగా ఎడమకి పోతుంది. అందుకని బల్లపరుపుగా ఉన్న ఖాళీ స్థలంలో నడిపి చూడమన్నాను. అక్కడా లాగింది. మా ఆడపడుచు కూతురిని పురిటికి తీసుకురావాల్సిన నెల అది. ఈ బండిలో ఆ పిల్లని ఎక్కించేది లేదని చెప్పేశాను. నరసరావుపేటలో తెలిసిన మెకానిక్ బండి పైకెత్తి చూపించాడు. ఎడమ వైపు లోయర్ ఆర్మ్ బుష్ చీలిపోయింది, టై రాడ్ ఎండ్ తొడుగు చిరిగి మట్టి కారుతోంది, టైరు లోపలి అంచు నున్నగా అరిగిపోయింది. "బయటికి కొత్తగానే కనబడుద్దమ్మా" అన్నాడు. ఆ భాగాలు మార్పించి, ఆ తర్వాతే అలైన్‌మెంట్ చేయించాం. అరిగిన కీలు ఉంచుకుని అలైన్‌మెంట్ ఎన్నిసార్లు చేస్తే ఏం లాభం!

ఇంకోటి. షోకు కోసం పెద్ద అల్లాయ్ చక్రాలు కావాలంటారు మన పిల్లలు. చక్రం పెద్దదైన కొద్దీ టైరు గోడ పలచనవుతుంది, అంటే గూడు బండిలో గడ్డి తగ్గించినట్టే. చిన్న చక్రాల మోడలే మెత్తన. చూలాలిని మూడో వరసలో కూర్చోబెట్టకండి, అది సరిగ్గా వెనక ఇరుసు మీద ఉంటుంది. రెండు ఇరుసుల నడుమ ఉండే రెండో వరసే నయం. వేగం కూడా చూసుకోవాలి, అదే గుంటలో నలభైకి బదులు ఎనభైలో పడితే దెబ్బ చాలా గట్టిగా తగులుతుంది.

పిల్లని క్షేమంగానే తెచ్చుకున్నాం. ఆ రోజు తెల్లవారుజామున దారి పొడవునా మిర్చి కోతకి వెళ్ళే ఆటోలు. కర్నూలు వైపు నుంచి వలస వచ్చిన ఆడవాళ్ళు, ఒక్కో ఆటోలో లెక్కకి మించి, కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చున్నారు. ఆ బరువంతా తిప్పేది ముందున్న ఒకే ఒక్క చిన్న చక్రం. రోడ్డు అంచు కుంగిన చోటల్లా ఆటో ఎడమకి ఒరుగుతుంటే, చివర కూర్చున్నావిడ పక్కామె భుజం పట్టుకుంటోంది.