పైన కాలువ, కింద మురుగు

విజయవాడ దాటగానే ఎనికేపాడు దగ్గర ఒక విచిత్రం ఉంది. పైన ఏలూరు కాలువ పారుతుంటే, దాని అడుగునున్న సొరంగంలోంచి బుడమేరు వాగు కొల్లేటి సరస్సు దారి పడుతుంది. అండర్ టన్నెల్ అన్న మాటను కుదించి అందరూ దాన్ని యూటీ అంటారు. ఒకదాని నెత్తిన ఒకటి నడిచే ఆ రెండు నీళ్లూ ఒకదాన్నొకటి తాకవు. పులిగడ్డ దగ్గరా ఇలాంటి ఏర్పాటే ఉంది. అక్కడ కాలువ నీరు అక్విడక్ట్ మీదుగా కృష్ణ పాయను దాటి దివిసీమలోకి దిగుతుంది. ఏ నీటి దారి దానిదే అన్న పట్టుదల ఈ రెండు కట్టడాలనూ నిలబెట్టింది. బందరు, గుడివాడ, దివిసీమ పల్లెల్లో ఇళ్ల నుంచి వచ్చే వాడకనీటిని ఏం చేయాలన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ పట్టుదలలోనే ఉందని నా నమ్మకం.

నది ఏటా ఒండ్రు పోసి తన గట్లను తానే ఎత్తు చేసుకుంటుంది. అందుకే డెల్టాలో ఏటికి దూరం జరిగేకొద్దీ నేల పల్లమవుతుంది. 1832-33 గుంటూరు కరువు తరవాత మొదలైన ఆలోచనలు ముదిరి, 1852-55 మధ్య చార్లెస్ ఓర్ చేతుల మీదుగా బెజవాడ ఆనకట్ట లేచినప్పుడు, కాలువలు తవ్వినవారు ఈ వాలునే నమ్ముకున్నారు. సాగునీటి కాలువ మిట్ట పట్టుకుని నడవాలి, చేను విడిచిన నీరు పల్లాన పోవాలి. ఇంజను లేదు, మోటారు లేదు. మట్టాన్ని కొలిచే పరికరం, తవ్వే చేతులు ఉన్నాయి, అంతే. రైతు నోట మురుగు అంటే చేలో నిలిచిపోయిన అదనపు నీరే. మురుగు తీయకపోతే పైరు కుళ్లుతుంది, కాబట్టి మురుగు కాలువకు సాగు కాలువతో సమానమైన మర్యాద ఉండేది. ఆ మర్యాద పోవడమే డెల్టాకు పెద్ద నష్టం. 1952లో ఆనకట్ట తెగింది, 1957కు ప్రకాశం బ్యారేజీ వచ్చింది, 1968లో డెల్టా రైతుల మీద డ్రైనేజీ సెస్సు చట్టం కూడా వచ్చింది. వీటి ధ్యాసంతా పొలం మీదే. ఇంటి తూములోంచి వచ్చే నీటికి లెక్క లేదు.

లెక్క అవసరమూ ఉండేది కాదు. బిందెలతో మోసుకొచ్చిన నీరు కొంచెమే, అది పెరట్లో అరటికీ కందకూ సరిపోయేది. ఇంటింటికీ కుళాయి పెట్టేందుకు 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ లక్ష్యం మనిషికి రోజుకు 55 లీటర్లు. మంచి పనే, కాదనను. కానీ రెండువేల మంది ఉన్న ఊళ్లో అందులో అయిదింట నాలుగు వంతులు మురుగైనా రోజుకు 88 వేల లీటర్లు. మిట్టనున్న ఊరి నీరు దగ్గరి పల్లం వెతుక్కుని పంట కాలువలోనో చెరువులోనో పడుతుంది. కింది ఊరు తన మంచినీళ్ల చెరువును నింపుకునేది ఆ కాలువతోనే. వేసవిలో కాలువలు కట్టేస్తే, నింపుకున్న నీటితోనే మళ్లీ వదిలేదాకా నెట్టుకురావాలి.

ఇంకుడు గుంతలు చాలవా అంటారు. సముద్రపు ఒడ్డు ఇసుక నేలల్లో చాలవచ్చు. నల్లరేగడిలో, నాలుగడుగులకే ఊట తగిలేచోట, వానాకాలం గుంతే నిండిపోతుంది. యంత్రాలతో శుద్ధి చేయడానికి అయ్యే కరెంటు బిల్లు, మనిషి జీతం చిన్న పంచాయతీకి మోయలేని బరువు. సూర్యరశ్మి, నాచు, సూక్ష్మజీవులతో పనిచేసే చెరువు ఈ నేలకు సరిపోతుంది. మీటరు లోతున ఇరవై రోజులు నీరు నిలపాలంటే 44 సెంట్లు పడుతుంది. భూమి ఖరీదన్నది నిజమే, అయినా అర ఎకరం లోపే కదా. దోమల భయమూ నిజమే. గట్లు శుభ్రంగా ఉంచాలి, గుర్రపుడెక్క తీయించాలి, సెప్టిక్ ట్యాంకు బురదను వేరే దారి పట్టించాలి. పట్టణాల మురుగు, రొయ్యల చెరువుల నీరు ఇంతకు ఎన్నో రెట్లుండగా ఒక్క పల్లె మారితే ఏం లాభం అనేవారికి, ఆ పల్లె తరవాతి ఊరి చెరువును చూపిస్తే చాలు.

ఈ శుద్ధి చెరువుకు చోటు ఎంపికలో పాత సూత్రమే కొలత: ఊరి వాడకనీటి కాలువ ముగిసేచోటుకూ పొలాల మురుగు తీసే డ్రెయిన్‌కూ నడుమ, సాగు కాలువకు ఎడంగా. నాగాయలంక, కోడూరు వైపు పోటు వేళ ఉప్పునీరు డ్రెయిన్లలోకి ఎగదన్నుతుంది. అక్కడ చెరువు తూము పోటు మట్టానికి పైన ఉండాలి, దానికి బయటికే తెరుచుకునే తలుపు పెట్టాలి.