డబ్బు మనది, డాక్టరు ఎవరి మనిషి?

పోస్టు కొంచెం పొడుగే. పని అయ్యాక నిదానంగా చదవండి.

మొన్న పాలకేంద్రం దగ్గర ఒక మాట వచ్చింది. బీపీ, షుగరు మాత్రలిచ్చే బండి మా ఊరికి వచ్చే పూటకే జనమంతా నాట్లలో ఉంటున్నారు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బండి వెళ్లిపోతోంది. "అసలా రోజు, ఆ టైము ఎవరు పెట్టార్రా?" అని మా పెదనాన్న అడిగాడు. ఎవరికీ తెలియదు. ప్రశ్న చిన్నదే. కానీ వైద్యానికి ఖర్చయ్యే డబ్బు మీద మాట ఎవరిది అన్న పెద్ద ప్రశ్న దాని వెనకాలే ఉంది. నూటముప్పై ఏళ్ల కిందటే ఒక ఊరి కూలీలు దానికి జవాబు చెప్పుకున్నారు. ఆ కథ చెబుతాను.

ఆ ఊరు ట్రెడీగర్. బ్రిటన్‌లో వేల్స్ కొండల మధ్య బొగ్గు గనులు, ఇనుప ఫ్యాక్టరీల మీద బతికిన ఊరు. ఆ రోజుల్లో దక్షిణ వేల్స్ గనుల్లో ఒక పద్ధతి ఉండేది. వైద్యం ఖర్చు కింద కూలీ జీతంలోంచి కొంత కోసేవాళ్లు. ఆ డబ్బుతో డాక్టర్ని పెట్టేది మాత్రం కంపెనీ. గనిలో కాలు విరిగినవాడు మళ్లీ ఎప్పుడు పనిలోకి దిగగలడో చెప్పాల్సింది కూడా ఆ డాక్టరే. డబ్బు తమది, డాక్టరు కంపెనీ మనిషి. కూలీలకు ఇది మింగుడు పడలేదు. కొట్లాడి, డాక్టర్ని పెట్టుకునే హక్కును చాలాచోట్ల తమ కమిటీల చేతికి తెచ్చుకున్నారు.

ట్రెడీగర్‌లో కార్మికుల వైద్య సహాయ సంఘం 1890లో పుట్టింది. చందా జీతంలో పౌనుకు 3 పెన్నీలు. అప్పట్లో పౌనుకు 240 పెన్నీలు. అంటే మన లెక్కలో వందకు రూపాయి పావలా. ఎక్కువ సంపాదించేవాడు ఎక్కువ, తక్కువ వాడు తక్కువ కట్టేవాడు. వైద్యం మాత్రం అందరికీ ఒకటే. 1920ల నాటికి ఆ డబ్బుతో అయిదుగురు డాక్టర్లు, ఒక సర్జన్, ఇద్దరు మందులు కలిపేవాళ్లు, ఒక పళ్ల డాక్టరు, ఒక ఫిజియోథెరపిస్టు, ఇళ్లకు తిరిగే ఒక నర్సు పనిచేసేవాళ్లు. పోనుపోను ఊళ్లో నూటికి తొంభై మందికి పైనే ఈ సంఘం నీడలోకి వచ్చారు.

అంతా పాలూ నీళ్లలా కలిసిపోయిందని చెప్పను. చదువుకున్న డాక్టర్లకు గని కూలీల కమిటీ కింద పనిచేయడం చాలాచోట్ల నచ్చేది కాదు. 1921 నుంచి 1924 దాకా ట్రెడీగర్‌లో పనిచేసిన డాక్టర్ ఏ.జె. క్రోనిన్ తర్వాత 1937లో 'ది సిటడెల్' అనే నవల రాశాడు. అందులో డాక్టర్ల లోపాలూ ఉన్నాయి, కమిటీల రాజకీయాలూ ఉన్నాయి. కమిటీ అన్నాక మన సొసైటీల్లో ఉండే గొడవలే అక్కడా ఉన్నాయన్నమాట.

ఆ ఊరి గని కార్మికుడి కొడుకే అనూరిన్ బెవాన్. పదమూడేళ్లకే గనిలోకి దిగాడు. ఊరి ఆసుపత్రి కమిటీలో కూర్చుని పని నేర్చుకున్నాడు. 1945లో బ్రిటన్ ఆరోగ్య మంత్రి అయ్యాడు. 1948 జూలై 5న దేశమంతటికీ వైద్యం మొదలుపెట్టాడు. అదే ఎన్‌హెచ్ఎస్. ఖర్చు చాలామటుకు పన్నుల నుంచే. ఎందుకంటే నెలనెలా జీతమొచ్చే ఊరు చందా కట్టగలదు, పనిలేని ఊరు కట్టలేదు. పంట మీద బతికే మనకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

కానీ ఒకటి పోయింది. ఆసుపత్రులు ప్రభుత్వం కిందికి వెళ్లాయి. కార్మికుల కమిటీ కుర్చీకి పాత బలం లేదు.

1990లో అక్కడ ఇంకో చట్టం వచ్చింది. వైద్యం కొనేవాళ్లు వేరు, చేసేవాళ్లు వేరు అన్నారు. ఈ కొనే పనికే 'కమిషనింగ్' అని పేరు. కోత మిషన్ మాట్లాడుకోవడం లాంటిదే అనుకోండి. ముందు పొలం చూసుకుంటాం, తడి ఎంతుందో చూస్తాం, రేటు మాట్లాడతాం. మిషన్ దిగాక గట్టు మీద నిలబడి గింజ గడ్డిలోకి పోతోందా లేదా అని కనిపెడతాం. ఈ చివరి పని మానేస్తే మిగతాదంతా దండగ. ఇంగ్లండ్‌లో కొనే సంస్థలు మారుతూ వచ్చాయి. 2013లో స్థానిక డాక్టర్ల ఆధ్వర్యంలో రెండు వందలకు పైగా బృందాలు పెట్టారు. 2022లో అవి తీసేసి 42 బోర్డులు చేశారు. బోర్డు పెద్దదైన కొద్దీ గట్టు దూరమైంది.

మన దగ్గరా ప్రభుత్వం వైద్యం కొంటోంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ అదే కదా. పెద్ద ఆపరేషన్లకు అది ఎందరినో అప్పుల నుంచి కాపాడింది, కాదనను. కానీ మన ఊరికి రోజూ కావలసింది బీపీ మాత్ర, షుగరు పరీక్ష, కాన్పుకు ముందు చూసే నర్సమ్మ. అవి ఎప్పుడు, ఎక్కడ కావాలో హైదరాబాదుకో అమరావతికో ఎలా తెలుస్తుంది? మనం చెప్పాలి. అందుకోసమే 2005లో వచ్చిన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఊరూరా ఆరోగ్య, పారిశుధ్య కమిటీ పెట్టమన్నారు. ఊరి అవసరం చూసి వాడుకోమని ఏడాదికి 10,000 రూపాయల దాకా నిధి కూడా పెట్టారు. డబ్బు చిన్నదే. కుర్చీ పెద్దది.

మా ఊళ్లో ఆ కమిటీలో ఎవరున్నారని అడిగితే పాలకేంద్రం దగ్గర ఒక్కరూ చెప్పలేకపోయారు. నేనూ చెప్పలేకపోయాను. తప్పు నాదీ ఉంది. వచ్చే గ్రామసభలో లేచి అడుగుతాను: కమిటీలో ఎవరు? చివరిసారి ఎప్పుడు కూర్చున్నారు? మాత్రల బండి నాట్ల కాలంలో సాయంత్రం రావాలంటే ఎవరికి రాయాలి?

మీ ఊళ్లో ఆ కమిటీ ఎలా ఉందో కింద రాయండి. బాగా నడుస్తుంటే మరీ రాయండి, చూసి నేర్చుకుంటాం.