మోటరు ముందు ఉరికినోళ్లు

పాత కార్లు కొని బాగుచేయించుకోవడం మగవాళ్ల ముచ్చట అని మనలో చాలామంది అభిప్రాయం. డబ్బూ తీరికా ఉన్నవాళ్ల సరదా, దాంతో మనకేం పని అని పక్కన పెట్టేస్తాం. నల్లగొండ జిల్లాలో పుట్టి, అక్కడే చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికిన దాన్ని కాబట్టి నాకు మాత్రం ఈ ముచ్చట మీద కొంచెం ఎక్కువ ఆసక్తి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతంలో మోటరుబండి అనే వస్తువు ఎవరి ఇంటికి వచ్చింది, ఎవరు ఎక్కారు, ఎవరు ఎక్కలేదు అని అడగడం మొదలుపెడితే, ఆ కాలపు సమాజం మొత్తం బయటికొస్తుంది.

ముందు ఆ ఆకర్షణ ఏమిటో న్యాయంగా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన బండి తన లోపలి పనినంతా మనకు చూపిస్తుంది. బానెట్ రెక్క ఎత్తితే కార్బొరేటర్ ఇది, డైనమో ఇది అని వేలుపెట్టి చెప్పవచ్చు. ఇప్పటి కారు కంప్యూటర్ తగిలిస్తే తప్ప తన జబ్బేమిటో చెప్పదు. 1908 నుంచి 1927 దాకా ఫోర్డ్ మోడల్ టీ బండ్లు కోటిన్నర తయారయ్యాయి. దాని తర్వాత వచ్చిన మోడల్ ఏ 1931 దాకా నడిచింది. అంత సంఖ్యలో తయారైన బండ్లు గనక వాటి భాగాలు ఇవాళ కూడా విదేశాల నుంచి తెప్పించుకోవచ్చు. దొరకనివి లేత్ మీద తీయించాలి. అరిగిన సిలిండర్లను బోరింగ్ చేయించాలి. రేకు కింద చెక్క ఫ్రేము చీకిపోయి ఉంటే వడ్రంగి కావాలి. సీట్లకు తోలు కుట్టేవాళ్లు కావాలి. అంటే ఒక పాత కారు మళ్లీ రోడ్డెక్కాలంటే కమ్మరి, వడ్రంగి, తోలుపని, కుట్టుపని అన్నీ ఒకచోటికి రావాలి. చేతివృత్తుల కులాల జ్ఞానమంతా అందులో ఉంటుంది. ప్రదర్శనలో బహుమతి తీసుకునేటప్పుడు మాత్రం యజమాని పేరొక్కటే వినిపిస్తుంది. ఆడవాళ్ల పనికి జరిగేదే ఇక్కడ ఈ పనివాళ్లకూ జరుగుతోంది కదా అనిపిస్తుంది నాకు.

మన ప్రాంతంలోని దారి సంగతి కూడా తెలుసుకోవాలి. హైదరాబాదు నుంచి బెజవాడ వెళ్లే రోడ్డు మీదే సూర్యాపేట, కోదాడ ఉన్నాయి. నిజాం రాజ్యం కోదాడ దాటాక అయిపోయేది. అవతల జగ్గయ్యపేట మద్రాసు ప్రెసిడెన్సీ. ఇంతలోనే ఇంకో చిక్కు. కోదాడకూ సూర్యాపేటకూ మధ్య ఉన్న మునగాల పరగణా చుట్టూ నిజాం ఇలాకా ఉన్నా కృష్ణా జిల్లాలో భాగంగా బ్రిటిష్ వాళ్ల కిందే ఉండేది. బెజవాడ నుంచి మోటరులో వచ్చేవాళ్లు కోదాడ దగ్గర నిజాం రాజ్యంలోకి వచ్చి, మునగాలలో మళ్లీ ఇంగ్లీషు రాజ్యంలోకి పోయి, మళ్లీ నిజాం రాజ్యంలోకి వచ్చేవారన్నమాట. ఈ మునగాల జమీందారు దగ్గర దివానుగా పనిచేసినవారే కొమర్రాజు లక్ష్మణరావు. ఆయన అక్క భండారు అచ్చమాంబ 1905లో కన్నుమూసింది. అబలా సచ్చరిత్ర రత్నమాల కోసం అంతమంది స్త్రీల జీవితాలను పోగుచేసిన మనిషి ఆమె. చరిత్రలో స్త్రీలెక్కడ అన్న ప్రశ్న మన దగ్గర నూరేళ్ల కిందటే, ఈ రోడ్డుతో చుట్టరికమున్న కుటుంబంలోనే పుట్టింది.

ఆ రోజుల్లో ఇక్కడి పల్లెల్లో కారు ఉండటమంటే దొర కావడమో, పెద్ద అధికారి కావడమో. సూర్యాపేట తాలూకాలో ఎర్రపాడు దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి చేతిలో లక్షన్నర ఎకరాలుండేవి. జనగామ వైపు విసునూరు దేశ్‌ముఖ్ రాపాక రామచంద్రారెడ్డికి నలభై వేల ఎకరాలు. ఇంత భూమి ఉన్నచోట మనుషుల శరీరాలు కూడా ఆ భూమితో పాటే దొరకు చెందేవి. వెట్టి గురించి పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద రాసిన పుస్తకంలో వివరంగా చెప్పారు. బెస్తవాళ్లు దొరల కుటుంబాలను పల్లకీల్లో, మేనాల్లో మోయాలి. దొరలు ఎద్దుల కచ్చడంలోనో గుర్రపుబండిలోనో వేగంగా పోతుంటే దళితులో బెస్తలో ముందూ వెనకా ఉరుకుతూ దారి తీయాలి. దొర బిడ్డకు పెళ్లయితే ఆమె వెంట ఆడబాపలుగా పేద కులాల ఆడపిల్లలను పంపేవారు. ఇంటిచాకిరీతో పాటు ఒంటి మీద హక్కు కూడా అత్తింటి మగవాళ్లదే.

మా నాయనమ్మది సూర్యాపేట దగ్గరి పల్లె. మావాళ్లు ఉరికినవాళ్లలోనే ఉన్నారు. ఆమె మోటరు గురించి చెప్పిన మాటలు నాకు బాగా గుర్తు. “మోటరొస్తుందంటే బాట మీద నీళ్లు సల్లాలె. దుమ్ము లేస్తే దొరకు కోపం. మావోళ్లు ముందల ఉరికెటోళ్లు. వాగుల దిగవడితె తోసేది గూడ మేమే. బండికి కాళ్లు నొయ్యవు గదా బిడ్డా, మనిషికి నొస్తయి.” కచ్చడం పోయి మోటరు వచ్చినా పరుగు పోలేదు. గతుకుల బండ్లబాట మీద మోటరు మనిషి కంటే ఎంతో వేగంగా పోయేది కాదు కాబట్టి ఆ పరుగు సాగింది. యంత్రం వస్తే మనిషికి చాకిరీ తగ్గుతుందని పాఠాల్లో చెబుతాం. ఎవరి చేతిలోకి వస్తే ఎవరికి తగ్గుతుందో మా నాయనమ్మ చెప్పింది.

మరి కారు లోపల కూర్చున్న ఆడవాళ్ల సంగతి? హైదరాబాదు నవాబుల ఇళ్లలోనే కాదు, పల్లెల్లో దొరల ఇళ్లలోనూ ఘోషా ఉండేది. కారు వెనక అద్దాలకు తెరలు కట్టేవారు. “దొరసాని ముఖం ఒక్కనాడు సూడలే. గాజుల సప్పుడు ఇన్న” అనేది నాయనమ్మ. ఉరికే మనిషి బయట, తెర వెనక దొరసాని లోపల. ఇద్దరూ ఒక్క దొర ఆస్తే గదా అని తొందరపడి కలిపేయడం కూడా సరికాదు. విసునూరు దొర తల్లి జానమ్మ చేసిన అఘాయిత్యాలను ఆ ప్రాంతపు ఆడవాళ్లు మరచిపోలేదు. తెర వెనక ఉన్నంత మాత్రాన చేతిలో కొరడా లేదనుకోలేం. అదే సూర్యాపేట తాలూకాలో కర్విరాల కొత్తగూడెం భూస్వాముల ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం ఆ తెర తీసుకుని బయటికొచ్చి తుపాకి పట్టింది. 2022లో చనిపోయేదాకా ఆ కథ చెబుతూనే ఉంది. రెండూ ఒకే తరగతి ఇళ్లలోంచి వచ్చిన కథలే.

ఇక్కడ కొంచెం ప్రపంచం వైపు చూద్దాం. కారు అనే యంత్రం మీద మొదటి దూరప్రయాణం చేసింది ఒక స్త్రీ. 1888లో బెర్తా బెంజ్ భర్తకు చెప్పకుండా ఇద్దరు కొడుకులను ఎక్కించుకుని మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి వెళ్లింది. వందకు పైగా కిలోమీటర్లు. పెట్రోలు గొట్టం పూడుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో తీసింది. తీగ ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది. దారిలో మందులషాపులో ఇంధనం కొన్నది. బ్రేకు అరిగితే చెప్పులు కుట్టేవాడితో తోలు వేయించింది. 1909లో డొరొతీ లెవిట్ అనే ఇంగ్లండు స్త్రీ ఆడవాళ్లకు కారు నడపడం నేర్పుతూ ఒక పుస్తకం రాసి, వెనక వచ్చేవాళ్లను చూడటానికి చేతి అద్దం దగ్గర పెట్టుకోమంది. 1912లో కాడిలాక్ కంపెనీ సెల్ఫ్ స్టార్టర్ తెచ్చాక హ్యాండిల్ తిప్పే మోటుబలం అవసరం లేకుండా పోయింది. ‘ఆడవాళ్లు నడపలేరు’ అన్న మాటకు యంత్రంలో ఆధారం అప్పుడే పోయింది. అదే కాలానికి చెందిన 1912 నాటి పసుపురంగు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. పాడుబడ్డ ఆ ప్యాలెస్‌ను బాగుచేయించి 2005లో జనానికి తెరిపించింది ఎస్రా అనే స్త్రీ, ముకరం జా మాజీ భార్య. 2010లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. కారు చుట్టూ మూగేవాళ్లలో ఆ పేరు తెలిసినవాళ్లు నాకు ఎక్కువమంది తగల్లేదు.

యుద్ధానికి ముందటి బండ్లలో నాకు కారు కంటే బస్సు మీదే ప్రేమ. 1932 జూన్‌లో నిజాం రైల్వే వాళ్ల రోడ్డు రవాణా శాఖ 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. ఆనాటి ఆల్బియన్ బస్సునొకదాన్ని ఆర్టీసీ ఇప్పటికీ దాచుకుంది. దొర మోటరు ముందు ఉరికిన మనిషి డబ్బులిచ్చి టికెట్టు కొని కూర్చోగలిగిన మోటరు అది. ఆర్టీసీ బస్సు నంబర్లలో ఉండే ‘జడ్’ అక్షరం ఏడో నిజాం తల్లి జహ్రా బేగం పేరు మీద వచ్చిందని చెప్పుకుంటారు. పరదా వెనక బతికిన ఒక తల్లి పేరులో మొదటి అక్షరం ఊరూరా తిరిగిందన్న ఆ ముచ్చట నాకు ఇష్టం. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణ ఆడవాళ్లకు ఆ జడ్ బండ్లలో టికెట్టు లేని ప్రయాణం దొరికింది. మిర్యాలగూడ రైసుమిల్లుల్లో పనికి పోయే ఆడవాళ్ల దగ్గర ఆ సంగతి వినాలి.

ఈ మిర్యాలగూడలోనే నాకు అసలు చర్చ ఎదురైంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లొచ్చాక వరి, వరితో మిల్లులు, మిల్లులతో డబ్బు వచ్చిన ఊరు. అక్కడొక మిల్లు యజమాని కూతురు నా పాత విద్యార్థిని. ఆయన ఒక గడీ వారసుల దగ్గర తుక్కు కింద పడున్న ఫోర్డ్ మోడల్ ఏ కొన్నారు. కోదాడలో ఒక లారీ మెకానిక్ రెండేళ్లు దాని మీద పనిచేశాడు. హైదరాబాదులో పాత కార్ల ప్రదర్శనకు తీసుకెళ్తున్నాం, బండి ముందు పెట్టడానికి రెండు పేరాల చరిత్ర రాసివ్వమని అడిగారు. నేను వెళ్లేసరికి రంగు పని జరుగుతోంది. వెనక కిటికీ పైన వరసగా చిన్న చిన్న బెజ్జాలు, ఒకచోట ఇత్తడి కొక్కెం. తెర కట్టిన కడ్డీ గుర్తులు. వాటికి పుట్టీ పెట్టి మూసేసి రంగు వేయబోతున్నారు.

బాగుచేసేవాళ్లలో ఈ వాదం పాతదే. బండిని ఏ ఏటి రూపానికి తీసుకుపోవాలి? ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజుకా? లేక బతికిన గుర్తులన్నీ ఉంచాలా? ఫ్యాక్టరీ రోజున ఆ బెజ్జాలు లేవు. అవి ఇక్కడికొచ్చాక, ఒక ఆడమనిషిని దాచడానికి పడ్డవి. వాటిని మూసేస్తే కారు అమెరికా బండిగా మిగులుతుంది గానీ నల్లగొండ బండిగా మిగలదు.

మూయొద్దని అడిగాను. నేను రాసిన పేరాల్లో, ఈ ప్రాంతంలో ఇలాంటి బండ్ల ముందు వెట్టి మనుషులు ఉరికేవారన్న వాక్యం కూడా ఉంది. ఆయన చదివి చాలాసేపు మాట్లాడలేదు. “మేడమ్, సంబరానికి తీస్కపోతున్నం. గివన్ని ఎందుకు?” అన్నారు. తర్వాత మెల్లగా, “మా తాత గా దొర దగ్గర జీతగాడే. గందుకే కొన్న” అన్నారు.

ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. పాత కారు మోజు అంటే దొరతనం మీద మోజేనని తేల్చెయ్యడం తేలిక. కానీ తాత ముట్టుకోలేని బండి స్టీరింగు పట్టుకోవాలన్న మనవడి కోరికలో ఒక న్యాయం ఉంది. గడీ దొర కూర్చున్న సీట్లో జీతగాడి మనవరాలు కూర్చుని నడపడంలో ఇంకా పెద్ద న్యాయం ఉంది. ఆ అమ్మాయే కోదాడ నుంచి మిర్యాలగూడ దాకా ఆ బండి నడుపుకుంటూ తెచ్చింది. అయితే దొర సీటు మిగిలి, ఉరికిన బాట చెరిగిపోతే, ఆయన తాతే చెరిగిపోతాడు. సీటు దక్కించుకోవడంతో పని అయిపోలేదు. తాతను కూడా ఆ బండి కథలోకి ఎక్కించుకోవాలి.

చివరికి ఆయన బెజ్జాలు మూయలేదు. వెట్టి వాక్యం మాత్రం తీసేశారు. ప్రదర్శనలో ఆ బెజ్జాలేమిటని అడిగినవాళ్లకు తండ్రే తెర సంగతి, దాంతోపాటు తాత సంగతీ నోటితో చెప్పాడని కూతురు ఫోన్ చేసి చెప్పింది. రాత నుంచి తీసేసింది నోటిలోంచి వచ్చింది. మన చరిత్ర చాలావరకు ఇట్లాగే మిగిలింది. తెలంగాణ పోరాటంలో స్త్రీల అనుభవాలను 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’గా వేయకపోతే అవీ నోటి మాటలుగానే పోయేవి.

2021లో కేంద్ర ప్రభుత్వం యాభై ఏళ్లు దాటిన బండ్లకు ప్రత్యేకంగా రిజిస్ట్రేషన్ నియమాలు తెచ్చింది. నంబరులో ‘వీఏ’ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేల రూపాయలు. ఆ కాగితంలో ఇంజను నంబరుకూ, ఛాసిస్ నంబరుకూ గడులుంటాయి. దాన్ని తోసినవాళ్లకు గడి లేదు. ఆ గడి మనమే గీయాలి.

అందుకే చదువుతున్న మీ అందరికీ ఒక విన్నపం. మీ ఇంట్లో, మీ ఊళ్లో ఎనభై, తొంభై దాటిన ఆడవాళ్లుంటే వాళ్లను అడగండి. మొదటిసారి మోటరు ఎప్పుడు చూశారు? ఎవరిది? లోపల కూర్చున్నారా, బయట నిలబడ్డారా? నీళ్లు చల్లింది ఎవరు, తోసింది ఎవరు? మొదటి బస్సు టికెట్టు ఎక్కడికి కొన్నారు, ఒంటరిగానా, ఎవరి వెంటనా? వాళ్ల మాటను వాళ్ల యాసలోనే రాసుకోండి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల్లో నేను ఆ పని మొదలుపెట్టాను. ఆ తరంలో మిగిలినవాళ్లు తక్కువమంది. తుప్పు పట్టిన బండి ఇంకో పదేళ్లు షెడ్డులో ఆగుతుంది, వాళ్లు ఆగరు.