ఎమ్మా కిర్క్‌బీ

డేమ్ ఎమ్మా కిర్క్‌బీ (జననం: 1949 ఫిబ్రవరి 26) ఇంగ్లండ్‌కు చెందిన సొప్రానో గాయని, గాత్ర బోధకురాలు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో స్త్రీల గొంతుల్లో అన్నిటికన్నా పై స్థాయిలో పాడేది సొప్రానో. 17, 18 శతాబ్దాల నాటి బరోక్ సంగీతాన్ని, అంతకు ముందరి పునరుజ్జీవన కాలపు పాటలను ఆనాటి వాద్యాలతో, చిన్న బృందాలతో పాడడంలో ఆమె పేరు పొందారు. వృత్తి గాయని కావాలన్న ఆలోచన లేకుండానే ఈ రంగంలోకి వచ్చి, నూటికి పైగా రికార్డింగులలో పాడారు. పాత సంగీతాన్ని పాడే పద్ధతిపై 20వ శతాబ్దం చివరి భాగంలో గాఢమైన ముద్ర వేసినవారిలో ఆమె ఒకరు.

తొలి జీవితం

కిర్క్‌బీ సర్రీ కౌంటీలోని కాంబర్లీలో జన్మించారు. తండ్రి బ్రిటిష్ నౌకాదళ అధికారి. షెర్‌బోర్న్ బాలికల పాఠశాలలో చదివాక, ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ కాలేజీలో గ్రీకు, లాటిన్ సాహిత్యాలు అభ్యసించారు. ఆ తరువాత కొంతకాలం బడిలో పాఠాలు చెప్పారు. ఆ రోజుల్లో పాట ఆమెకు ఇష్టమైన వ్యాపకం మాత్రమే. గాయక బృందాలలో సరదాగా పాడేవారు. చదువులో ప్రాచీన భాషలతో కలిగిన పరిచయం తరువాత ఆమె గానానికి బాగా అక్కరకొచ్చింది. పాటలోని పద్యం అర్థం, నడక, ఉచ్చారణ ఆమెకు రాగంతో సమానమైన విషయాలయ్యాయి.

బృంద గానం

1970ల ఇంగ్లండ్‌లో పాత సంగీతాన్ని అది పుట్టిన కాలపు వాద్యాలతో, ఆనాటి పద్ధతుల్లో వినిపించాలన్న ఉద్యమం ఊపందుకుంది. పేగు తీగల వయొలిన్లు, ల్యూట్లు, హార్ప్‌సికార్డులు మళ్లీ వేదికలెక్కాయి. నేటి ప్రమాణంలో 440 హెర్ట్జ్ ఉండే స్వరాన్ని బరోక్ బృందాలు 415 హెర్ట్జ్‌కు, అంటే సుమారు అర స్వరం కిందికి దించి శ్రుతి చేసుకున్నాయి. ఈ వాద్యాల నాదం మృదువైనది. పెద్ద ఒపేరా మందిరాలను నింపడానికి తయారైన గొంతు వాటిని సులువుగా ముంచేస్తుంది. వాటికి తగిన గొంతు కోసం ఆనాటి కళాశాలల్లో తయారయ్యే సొప్రానోలు చాలామంది ప్రయత్నించలేదు. ఆ ఖాళీలోకి కిర్క్‌బీ వచ్చారు.

ఆండ్రూ ప్యారట్ నడిపిన టావెర్నర్ బృందంలో ఆమె పాడారు. 1973లో ల్యూట్ కళాకారుడు ఆంథనీ రూలీ ఆధ్వర్యంలోని కన్సార్ట్ ఆఫ్ మ్యూజిక్‌తో దీర్ఘకాలిక అనుబంధం మొదలైంది. జాన్ డౌలాండ్ ల్యూట్ పాటలు, క్లాడియో మాంటెవెర్డి మాడ్రిగల్‌లు ఈ బృందం ప్రధాన కృషి. పలు గొంతులు కలిసి పాడే పద్యగీతమైన మాడ్రిగల్‌లో ఒక్కో స్వరపంక్తిని ఒక్కరే పాడతారు. పక్కవారి గొంతు వింటూ, పద్యంలోని భావం మారిన చోటల్లా అందరూ కలిసి మారాలి. క్రిస్టఫర్ హాగ్‌వుడ్ స్థాపించిన అకాడమీ ఆఫ్ ఏన్షియంట్ మ్యూజిక్‌తోనూ ఆమె పాడారు. లండన్ బరోక్ బృందం, ల్యూట్ విద్వాంసుడు యాకోబ్ లిండ్‌బెర్గ్ ఆమె ఇతర సహచరులు.

ముఖ్య రికార్డింగులు

హాగ్‌వుడ్ దర్శకత్వంలో 1980లో విడుదలైన హాండెల్ 'మెసయ్య' ఆమెను విస్తృతంగా పరిచయం చేసింది. లండన్‌లోని ఫౌండ్లింగ్ ఆసుపత్రిలో 1754లో జరిగిన ప్రదర్శన ప్రతిని ఇందుకు ఆధారంగా తీసుకున్నారు. జర్మనీ సన్యాసిని హిల్డెగార్డ్ గీతాలతో గాథిక్ వాయిసెస్ బృందం 1981లో రికార్డు చేసిన సంపుటిలోనూ ఆమె గొంతు ఉంది. ఆ గీతాలు బరోక్‌కు చాలా ముందటివి, 12వ శతాబ్దానివి. ఆ సంపుటి ఊహించని ఆదరణ పొందింది. పర్సెల్ ఒపేరా 'డైడో అండ్ ఈనియస్'లో ప్యారట్ దర్శకత్వంలో డైడో పాత్ర పాడారు. పెర్గొలేసీ 'స్టాబాట్ మాటెర్'లో కౌంటర్‌టెనర్ జేమ్స్ బౌమన్ ఆమెకు జోడీ.

లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ మ్యూజిక్ గ్రంథాలయంలో ఉన్న ఒక 'గ్లోరియా' హాండెల్ రచనేనని 2001లో ప్రకటించారు. ఒక సొప్రానో, రెండు వయొలిన్లు, మంద్ర వాద్యాల తోడు మాత్రమే ఉన్న కృతి అది. అదే అకాడమీకి చెందిన బరోక్ ఆర్కెస్ట్రాతో, లారెన్స్ కమ్మింగ్స్ దర్శకత్వంలో కిర్క్‌బీ దాన్ని రికార్డు చేశారు. అనుభవం పండిన గాయని, ఇంకా నేర్చుకుంటున్న యువ వాద్యకారులు అందులో కలిసి పనిచేశారు.

గానశైలి

ఆమె గొంతు స్వచ్ఛమైనది, తేలికైనది. నిలిపిన స్వరాన్ని ఎడతెగకుండా కంపింపజేసే వైబ్రాటోను ఆమె పొదుపుగా, అలంకారంగా వాడతారు. అందువల్ల శ్రుతి స్పష్టంగా నిలుస్తుంది, వేగంగా దొర్లే స్వరపంక్తిలో ఏ స్వరానికి ఆ స్వరం విడిగా వినిపిస్తుంది. మాట ఎక్కడా మరుగున పడదు. కొందరు ఈ గొంతును చర్చి బాలగాయకుల గొంతుతో పోల్చి మెచ్చుకున్నారు. నిండైన ఒపేరా గానానికి అలవాటుపడిన శ్రోతలు కొందరికి అది పలచగా తోచింది. ఈ శైలి ఆమెకు రెడీమేడ్‌గా దొరకలేదు. లండన్‌లో గాత్ర గురువు జెస్సికా క్యాష్ సహాయంతోను, తోటి గాయకులు, వాద్యకారుల నుంచి గ్రహిస్తూను ఆమె దాన్ని రూపొందించుకున్నారు.

గౌరవాలు

1999లో క్లాసిక్ ఎఫ్ఎమ్ రేడియో శ్రోతలు ఆమెను ఆ ఏటి కళాకారిణిగా ఎన్నుకున్నారు. 2000లో బ్రిటిష్ పురస్కారం ఓబీఈ, 2007లో డేమ్ బిరుదు లభించాయి. బీబీసీ మ్యూజిక్ మ్యాగజైన్ 2007లో విమర్శకుల అభిప్రాయం తీసుకుని ప్రకటించిన 20 మంది గొప్ప సొప్రానోల జాబితాలో ఆమెది 10వ స్థానం. జాబితాలో ఎక్కువమంది ఒపేరా తారలే కావడం ఈ స్థానానికి విలువ పెంచింది. 2010 సంవత్సరానికి బ్రిటన్ రాణి సంగీత పతకం, 2019లో గ్రామఫోన్ పత్రిక జీవనసాఫల్య పురస్కారం అందుకున్నారు.

బోధన

కచేరీలతో పాటు కిర్క్‌బీ మాస్టర్‌క్లాసులు నిర్వహిస్తూ వచ్చారు. డెవన్‌లోని డార్టింగ్టన్ వేసవి సంగీత పాఠశాలలో ఆమె బోధించారు. పేరున్న కళాకారులూ, ఔత్సాహికులూ ఒకే చోట చేరి పాడుకునే పాఠశాల అది. సరదాకు పాడుతూ వృత్తిలోకి వచ్చిన గాయనికి తగిన చోటు. ఆమె యువతిగా ఉన్నప్పుడు పాత వాద్యాలకు తగిన గానం నేర్చుకోవాలంటే గాయకులు ఎవరి దారి వారే వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఐరోపా సంగీత కళాశాలల్లో బరోక్ గానం ప్రత్యేక విభాగంగా బోధిస్తున్నారు. ఆ విద్యార్థులు ఆదర్శంగా వినే గొంతుల్లో కిర్క్‌బీది ఒకటి.