ఉప్పునీళ్ళ జాడీ నుంచి ట్రయాక్ బోర్డు దాకా

దీపాన్ని వెలిగించడం, ఆర్పడం స్విచ్చు చేసే పని. సగంలో నిలబెట్టడమే విద్య. గ్యాసు దీపాల కాలంలో నాటకాల వాళ్ళకు ఈ విద్య చేతిలో ఉండేది. గొట్టం మీది కవాటం తిప్పితే రంగస్థలం మీద సాయంత్రం దిగేది. కరెంటు వచ్చాకే చిక్కొచ్చిపడింది. 1881లో లండన్‌లోని సవాయ్ థియేటర్ సుమారు 1,200 స్వాన్ బల్బులతో, మొత్తం విద్యుత్తుతోనే వెలిగిన మొదటి ప్రజాభవనంగా పేరు తెచ్చుకుంది. అక్కడ కూడా వెలుతురు తగ్గించాలంటే దారిలో నిరోధకం అడ్డుపెట్టి, కొంత కరెంటును వేడిగా పోగొట్టడమే మార్గం. వండినదాంట్లో సగం పారబోసి తక్కువ వడ్డించామన్నట్టుండే ఈ పద్ధతే ఆ తర్వాత దశాబ్దాల పాటు రంగస్థలాన్ని ఏలింది.

అందులో చవకైనది ఉప్పునీళ్ళ డిమ్మరు. పింగాణీ జాడీలో ఉప్పు కలిపిన నీళ్ళు, అడుగున ఒక లోహపు రేకు, పైనుంచి తాడుకు వేలాడే రెండో రేకు. పై రేకును దించేకొద్దీ రెండింటి మధ్య దూరం తగ్గి కరెంటు ఎక్కువగా పారుతుంది, బల్బు వెలుగు పుంజుకుంటుంది. ఉప్పు పాళ్ళు మారితే లెక్కంతా మారిపోతుంది. నాటకం సాగేకొద్దీ నీళ్ళు కాగి ఆవిరి లేస్తుంది, మధ్యమధ్య నీళ్ళు పోస్తుండాలి. పక్కన నిలబడ్డ కుర్రాడు ఏమరుపాటున ఆ నీళ్ళు తాకితే లైవు వైరు పట్టుకున్నట్టే. మన దేశంలోనూ ఔత్సాహిక నాటక సమాజాలు ఈ జాడీలతో చాలాకాలం నెట్టుకొచ్చాయి. సొంతంగా చేసుకున్న డిమ్మర్ల చరిత్ర మొదలుపెట్టాల్సింది ఇక్కడే.

డబ్బున్న బ్రాడ్వే కూడా అప్పట్లో పెద్ద గొప్పగా ఏమీ లేదు. పాత థియేటర్లకు డీసీ కరెంటే వచ్చేది కనుక ‘ప్యానో బోర్డులు’ అని పిలిచే నిరోధకాల పెట్టెలనూ, వాటి హ్యాండిళ్ళు లాగే మనుషులనూ నమ్ముకునే ప్రదర్శనలు నడిచాయి. 1947లో యేల్ విశ్వవిద్యాలయంలో జార్జ్ ఐజెనార్ థైరాట్రాన్ వాల్వులతో ఎలక్ట్రానిక్ డిమ్మర్ వ్యవస్థ తయారుచేశాడు. పదేళ్ళకు జనరల్ ఎలక్ట్రిక్ ఎస్‌సీఆర్ అనే సెమీకండక్టర్ స్విచ్చును తెచ్చింది, దాని వెనుకే రెండు దిశల్లోనూ పనిచేసే ట్రయాక్ వచ్చింది. ఇక కరెంటును వేడిగా తగలెయ్యక్కర్లేదు, కాలాన్ని ముక్కలు కోస్తే చాలు.

ఆ కోత ఎలాగో చూద్దాం. మన ఏసీ సెకనుకు 50 సార్లు ఊగుతుంది, అంటే ప్రతి 10 మిల్లీసెకన్లకోసారి సున్నాను దాటుతుంది. దాటిన వెంటనే ట్రయాక్‌ను తట్టి లేపితే బల్బుకు పూర్తి వెలుగు. 5 మిల్లీసెకన్లు ఆగి లేపితే సగం శక్తి. ఇంకా ఆలస్యం చేస్తే మసక. తర్వాతి సున్నా దగ్గర అదే ఆగిపోతుంది. కాబట్టి డిమ్మర్ అంటే నిజానికి ఒక గడియారం.

గడియారమైతే కంప్యూటర్‌కు అప్పగించవచ్చు. 1975లో ‘ఎ కోరస్ లైన్’ ప్రదర్శనకు వెలుతురు సమకూర్చిన థారన్ మసర్ మెమరీ ఉన్న కంప్యూటర్ బోర్డు వాడింది, బ్రాడ్వేలో అదే మొదటిది. 1986లో డీఎంఎక్స్512 ప్రమాణం వచ్చింది. ఒక్క కేబుల్‌లో 512 చానళ్ళు, ఒక్కోదానికి 0 నుంచి 255 దాకా మెట్లు. ఇవన్నీ కంపెనీలు, పెద్ద థియేటర్లు కొనుక్కునే సరుకు. సొంత చేతులతో చేసుకునేవాళ్ళ దగ్గర మాత్రం సరంజామా వేరు. బెంగాల్‌లోని చందన్‌నగర్ కళాకారులు చెక్క రోలర్ చుట్టూ రాగి రేకులు అతికించి, మోటారుతో తిప్పి, జగద్ధాత్రి పూజ బొమ్మల దీపాలను పరిగెత్తించారు. ఆ రేకుల అమరికే వాళ్ళ ప్రోగ్రాము.

అమెరికాలో ఈ పిచ్చి క్రిస్మస్ ముంగిళ్ళలో ముదిరింది. ఒహాయో రాష్ట్రంలోని మేసన్‌లో ఒక ఇంజనీరు 16,000 దీపాలను 88 చానళ్ళకు కట్టి సంగీతానికి ఆడించిన వీడియో 2005లో ఊరూవాడా తిరిగింది. చూడటానికి కార్లు బారులు తీరి, ట్రాఫిక్ గొడవై ఆ ప్రదర్శన ఆగిపోయింది కూడా. ఆయన వాడినవి కొనుక్కున్న కంట్రోలర్లు. అంత ఖర్చు పెట్టలేనివాళ్ళు సోల్డరింగ్ ఐరన్ పట్టుకున్నారు.

మొదట్లో ప్యారలల్ పోర్టుకు రిలేలు తగిలించారు: ఎనిమిది తీగలకు ఎనిమిది దీపాలు. ఆ తర్వాత 74హెచ్‌సీ595 అనే షిఫ్ట్ రిజిస్టర్ చిప్పులను గొలుసు కట్టి చానళ్ళు పెంచారు. అయినా అది వెలిగించడం, ఆర్పడమే. ఇంట్లో వాడే కంప్యూటర్ పది పనుల మధ్య మిల్లీసెకన్ల లెక్క తప్పకుండా పాటించలేదు. నా దృష్టిలో అసలు మలుపు రెనార్డ్ బోర్డులు. వాటిలో ఒక్కో పిక్ మైక్రోకంట్రోలర్ ఎనిమిది చానళ్ళు చూసుకుంటుంది. కంప్యూటర్ సీరియల్ పోర్టులోంచి వెలుగు అంకెలను వరసగా పంపితే, మొదటి చిప్పు తన ఎనిమిదీ ఉంచుకుని మిగతావి పక్కదానికి తోసేస్తుంది. గడియారం పని బోర్డు మీదకి మారిపోయింది. పాటకు తగ్గట్టు వెలుగు అంకెల గడులు నింపడానికి విక్సెన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉండనే ఉంది.

తిప్పలన్నీ కరెంటు ఇచ్చే దగ్గరే. రెనార్డ్ ఎస్ఎస్ బోర్డులో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ రెండు పనులు చేస్తుంది: చిప్పులకు 5 వోల్టులు ఇస్తుంది, సున్నా ఎప్పుడు దాటిందో చెబుతుంది. అందుకని దాని బదులు ఫోన్ చార్జర్ లాంటి డీసీ సరఫరా తగిలిస్తే చిప్పులు బతికే ఉంటాయి గానీ దీపాలు మసకబడవు. ట్రయాక్‌ను లేపే ఆప్టో చిప్పు ఎంఓసీ3023 కావాలి. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే ఎంఓసీ3041 పెడితే అది సున్నా దగ్గర తప్ప లేవనంటుంది, దాంతో డిమ్మింగ్ పోతుంది. చిప్పు మీది అంకెలు మారితే సాయంత్రమంతా వృథా.

అమెరికా బోర్డును యథాతథంగా ఇక్కడ వాడాలనుకుంటే ఇంకో రెండు గండాలున్నాయి. మన 230 వోల్టుల శిఖరం సుమారు 325 వోల్టులు. 3023 సామర్థ్యం 400 వోల్టులే కనుక, పిడుగు మెరిసినా పక్కింటి మోటారు ఆగినా పుట్టే కుదుపుకు అది తట్టుకోలేకపోవచ్చు. 600 వోల్టుల ఎంఓసీ3052, అంతే సామర్థ్యమున్న ట్రయాక్ వేసుకోవడం మంచిది. రెండోది ఫేజు. వినాయక చవితి పందిరికి మూడు ఫేజులూ లాగినచోట ట్రాన్స్‌ఫార్మర్ ఒక ఫేజులో, దీపాలు మరో ఫేజులో పడితే లెక్క మూడో వంతు చక్రం, అంటే 6.67 మిల్లీసెకన్లు జరిగిపోతుంది. మసకగా ఉండాల్సినవి భగ్గుమంటాయి. అమెరికా ఇళ్ళలో రెండు లైవులూ ఒకే క్షణంలో సున్నా దాటుతాయి కాబట్టి అక్కడివాళ్ళకు ఈ బెడద తెలియదు.

లోడు లెక్క మాత్రం తేలిక. 100 బుల్లి బల్బుల పాత దండ దాదాపు 40 వాట్లు. 24 చానళ్ళున్న బోర్డులో చానల్‌కు ఒక దండ చొప్పున కడితే 960 వాట్లు, అమెరికా 120 వోల్టుల మీద 8 ఆంపియర్లు. ఎల్ఈడీ దండలు వచ్చాక ఇందులో ఎనిమిదో వంతు సరిపోయింది. కానీ అంత తక్కువ కరెంటుకు ట్రయాక్ పట్టు నిలవక దీపాలు మినుకుమినుకుమనడం మొదలైంది. పక్కన ఒక పాత బల్బు తగిలించి ఆ మినుకు ఆపుకున్నవాళ్ళు బోలెడుమంది.

ఇప్పుడు ఆ బాధ కూడా చాలావరకు పోయింది. డబ్ల్యూఎస్2811 రకం పిక్సెళ్ళలో ఒక్కో దీపం పక్కనే చిప్పు ఉంటుంది, ఎంత వెలగాలో అదే చూసుకుంటుంది. బోర్డుకు మిగిలింది అంకెలు పంపడమే. ఒక్కో పిక్సెల్ పూర్తి తెలుపులో 60 మిల్లీఆంపియర్లు తాగుతుంది కనుక 300 ఉన్న పట్టీకి 5 వోల్టుల మీద 18 ఆంపియర్లు కావాలి. సరఫరా ఒకవైపు నుంచే ఇస్తే చివరి దీపాల తెలుపు ఎర్రబారుతుంది, మధ్యలోనూ చివర్లోనూ మళ్ళీ వైర్లు కలపాల్సిందే. 5 వోల్టులతో షాకు భయం లేదు, సన్నని తీగ కాలిపోయే భయం ఉంది. అందుకే పిక్సెల్ కంట్రోలర్లలో ఒక్కో అవుట్‌పుట్‌కు ఒక ఫ్యూజు వేస్తున్నారు.