మండువాపై రేకు

ఏలూరు మొదలు కొల్లేటి సీమ వరకు పాత మండువా ఇండ్లను మనమెరుగుదుము. నాలుగు వైపుల పెంకుటికప్పులు లోనికి వాలి, నడుమ ఆకాశమును నిలుపును. వాననీరు మండువాలో పడి తూముగుండ పోవును; వెలుగు, గాలి అన్ని గదులకు అందును.

ఇల్లు వర్తకశాలగా మారునపుడు మొదట వీధి అరుగు అంగడియగును. పిమ్మట చావడి సరకుల కొట్టగును. తుదకు మండువాపై రేకు పడును. లోపల పట్టపగలే దీపము కావలసివచ్చును.

ఇంగ్లండున 1696లో కిటికీలపై పన్ను విధింపగా, గృహస్థులు పెక్కు కిటికీలను ఇటుకలతో పూడ్చిరి. పన్ను 1851లో పోయినది. ఆ ఇండ్లు కొన్ని దుకాణములైనవి. పూడ్చిన కిటికీలు నేటికిని కానవచ్చును.

వారు పన్నుకు వెరచి వెలుగును మూసిరి. మనము అద్దెకు ఆశపడి మూయుచున్నాము. అంగడి అరుగు మీద ఉండవచ్చును. మండువా మాత్రము తెరచియుండవలెను.