అంకెలు నడక నేర్చిన వైనం

న్యూజెర్సీలోని ఐసెలిన్‌లో, ఓక్ ట్రీ రోడ్డు మీద తెలుగు వినిపిస్తే ఎవరూ వెనుదిరిగి చూడరు. అమెరికాలో 2010-2017 మధ్య తెలుగు మాట్లాడేవారు 86 శాతం పెరిగారని అక్కడి సెన్సస్ లెక్కల ఆధారంగా వార్తలొచ్చాయి. శాతాలు తలకెక్కనివారికి ‘అప్పుడు వందమంది ఉంటే ఇప్పుడు 186 మంది’ అంటే చాలు. అదే లెక్కను తెరమీద బుడగల్లా కదిలిస్తే ఇంకో సంగతీ తెలుస్తుంది: తెలుగు బుడగ ఎంత జోరుగా పెరిగినా హిందీ బుడగకన్నా చిన్నదే.

అంకెలను ఇలా చూపించే విద్యలో ముందు పుట్టింది కదలని బొమ్మ. స్కాట్లాండ్‌వాడైన విలియం ప్లేఫెయిర్ 1786లో వర్తక లెక్కలను గీతల్లో, కడ్డీల్లో చూపాడు. 1801లో గుండ్రటి ‘పై’ చార్టు గీశాడు. ఆ బొమ్మలున్నవి చదువుకున్నవారి పుస్తకాల్లో. మామూలు జనం కోసం 1925లో వియన్నాలో ఇలాంటి బొమ్మల మ్యూజియం తెరిచినవాడు ఓటో నోయ్‌రాత్. సంఖ్య పెరిగితే మనిషి బొమ్మను పెద్దది చేయకూడదు, అదే బొమ్మను మరిన్నిసార్లు వేయాలన్నది ఆయన నియమం.

కదలికకు ఒక తొలి అడుగు ఐసెలిన్ పొరుగునే పడింది. పాతిక కిలోమీటర్లలోపే ఉన్న ముర్రే హిల్‌లోని బెల్ ల్యాబ్స్ పరిశోధన సంస్థలో ఎడ్వర్డ్ జాజాక్ 1963లో ఉపగ్రహ గమనాన్ని కంప్యూటర్‌తో లెక్కగట్టి, ఫ్రేము ఫ్రేముగా ఫిల్ముకెక్కించాడు. అదే సంస్థకు చెందిన జాన్ టూకీ, సహచరులతో కలిసి 1970లలో ‘ప్రిమ్-9’ రూపొందించాడు. అందులో డేటా చుక్కల గుంపును తెరమీద తిప్పి అన్నివైపులనుంచీ చూడొచ్చు. అయితే చూసినవారంతా నిపుణులే.

ఆ కదలికకు మాట తోడుచేసింది స్వీడన్ వైద్యుడు హాన్స్ రోస్లింగ్. 1972లో బెంగళూరులో కొన్నాళ్లు చదువుకున్నవాడు. కొడుకు ఓలా, కోడలు అనా తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో దేశం ఒక్కో బుడగ. జనాభాను బట్టి దాని సైజు. ఏళ్లు గడిచేకొద్దీ బుడగలు జరుగుతుంటే, 2006 టెడ్ సదస్సు వేదికపై ఆయన క్రికెట్ కామెంటరీలా చెప్పుకుపోయాడు. ఆ సాఫ్ట్‌వేర్‌ను గూగుల్ 2007లో కొనేసింది. 2010లో రోస్లింగ్ బీబీసీ కోసం 200 దేశాల 200 ఏళ్ల చరిత్రను 4 నిమిషాల్లో చెప్పాడు.

అయితే 2008లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు ఈ కదిలే బొమ్మలను పరీక్షించారు. జనం వాటిని ఇష్టపడ్డారు కానీ, సొంతంగా విశ్లేషించాల్సి వచ్చేసరికి కదలని బొమ్మలతోనే త్వరగా, సరిగ్గా జవాబిచ్చారు. కథ చెప్పడానికి కదలిక పనికొస్తుంది. లెక్క సరిచూసుకోవాలంటే పక్కన నిలకడగా ఒక పట్టిక ఉండాల్సిందే.